రిపేరుకని వచ్చినామె

గొళ్ళెం బయటి నుంచి పడింది. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు ఆగిపోయినా రాజమణి ఒంట్లో అది ఆగలేదు, వెన్నులోంచి దిగి, వారం రోజులుగా పోటు పెడుతున్న నడుం దగ్గరికే పోయి కూర్చుంది. భయపడకు, అని తనకు తాను చెప్పుకుంది. అందరూ ఆడవాళ్ళే, పేరు పెట్టి పిలవగలిగిన ఆడవాళ్ళే. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నది షౌకత్ బీ, ఈ జహనుమా గల్లీలో కుట్టు సెంటరు తెరిచిన రోజున కొడుకులను కూడా రానివ్వకుండా ఈ గదికి తానే సున్నం వేసిన షౌకత్ బీ. మూలన కూర్చున్నది సుగ్రా, కాజా కుడితే బట్టలోనే పుట్టినట్టు ఉండే సుగ్రా. కానీ కళ్ళు మాట వినడం లేదు. అవి ముఖాల మీద నిలవకుండా షౌకత్ బీ ఒళ్ళో ఉన్న కత్తెర మీదికే జారుతున్నాయి. పెద్ద కత్తెర, నల్ల పిడి, బేగంబజార్‌లో నాలుగు దుకాణాలు తిరిగి రాజమణే కొని తెచ్చిన కత్తెర. కుట్టు సెంటర్లో కత్తెర ఉండక ఇంకేముంటుంది అని మనసు అంటూనే ఉంది, దాని పక్కనే, వాళ్ళ చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందమ్మా అని ఆఫీసులో వైకుంఠం గారు టీ సాసర్లో పోసుకుంటూ అన్న మాట కూడా లేచి నిలబడింది. ఆ మాట తను నమ్మలేదు కదా. ఆ రోజు లోలోపల నవ్వుకుంది కదా. మరి అరచేతుల్లో ఈ చెమట ఎక్కడిది? నమ్మని మాట కూడా ఒంట్లో ఏ మూలనో పడి ఉంటుంది కాబోలు, తలుపు మూసుకున్న క్షణాన లేచి వస్తుంది.

రేకుల కప్పు కింద గాలి ఉడుకుతోంది. కిటికీ ఊచల మధ్య ముఖాలు, ముఖాల వెనక ముఖాలు, అన్నిటి చూపూ ఒక్కటే. గోడ వెంబడి పీటల మీద ఆరు చేతి మిషన్లు, చెక్క మూతలు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. ఇందాక గల్లీ మొదట్లో తోపుడు బండి ఆపించి, బండి మనిషి మల్లన్నను అక్కడే ఉండమని, రాజమణి నవ్వు ముఖం పెట్టుకుని ఈ గదిలోకి వచ్చింది. నవ్వు ముఖం పెట్టుకోవడం ఆమెకు అలవాటే, పని అది. మిషన్లు రిపేరుకు తీస్కపోతున్నం, మళ్ళ తెచ్చిస్తం, అంది. షౌకత్ బీ లేచి బయట ఉన్నవాళ్ళకు ఏదో సైగ చేసింది. అంతే, గొళ్ళెం పడింది.

"కౌన్సీ మషీన్ బిగ్డీ?" అంది షౌకత్ బీ ఇప్పుడు, గొంతు పెంచకుండా. "ఏది ఖరాబైంది, చూపియ్. సుగ్రా, ఒక్కొక్కటే తిప్పు. బాయి ఇనని."

సుగ్రా లేచింది. మొదటి మిషన్ ముందు గొంతుక్కూర్చుని పిడి తిప్పింది. సూది పైకి కిందికి మెత్తగా, నూనె పోసిన చప్పుడు. రెండోది. మూడోది. తిప్పుతున్నంతసేపూ సుగ్రా ఆమె వైపు చూడలేదు, ఆ చూడకపోవడంలో ఎంత బలముందో రాజమణికి చెంప మీద తెలుస్తోంది. నాలుగోది. నెల కింద తనే చెప్పింది వీళ్ళకు, శనివారం శనివారం నూనె పోయండి, మిషన్ కూడా మనిషే, చూసుకుంటేనే పనిచేస్తుంది అని. శనివారాలన్నీ కర్ఫ్యూలో పోయాయి, అయినా పోశారు. ఐదోది. పండగ ఊరేగింపు రోజు మొదలైన కొట్లాట, కర్ఫ్యూ పెట్టడం, మధ్యాహ్నం రెండు గంటలు సడలించడం, ఆ రెండు గంటల్లోనే ఎక్కడో ఒకరిని పొడవడం, మళ్ళీ పెట్టడం, అన్ని రోజులూ ఈ గదిలో వంతులేసుకుని కుట్టారు. మూలన బుట్టలో బొంతలు, లంగాలు, పిల్లల జుబ్బాలు పేరుకుని ఉన్నాయి. మగవాళ్ళకు పని లేదు. గల్లీలో పొయ్యి వెలుగుతున్నది ఈ మిషన్ల మీదే. ఆరోది కూడా తిరిగింది, అన్నిటికంటే మెత్తగా. సుగ్రా లేచి తన మూలకు పోయి కూర్చుంది. గదిలో ఇప్పుడు ఖరాబైనది ఒక్కటే ఉంది, అది పీట మీద లేదు.

చెప్పాలి, అనుకుంది రాజమణి, ఏదో ఒకటి చెప్పాలి, కానీ ఆలోచన నోటి వైపు రాకుండా కిందికి, పొత్తికడుపు వైపు పోతోంది. పొద్దున్నుంచి ఒంటికి పోలేదు. పొద్దున్నుంచి నీళ్ళు కూడా తాగలేదు. పదేళ్ళుగా ఆమె నేర్చుకున్న పనిలో ఇది మొదటి పాఠం, ఏ పుస్తకంలోనూ రాయని పాఠం, బస్తీల్లో తిరిగే రోజు నీళ్ళు తాగొద్దు. తాగితే పోవాల్సి వస్తుంది, పోవాలంటే ఒకరి ఇల్లు అడగాలి, అడిగితే కొందరు చూపిస్తారు, కొందరు ముఖం చూస్తారు, కొందరు వెళ్ళిపోయాక బిందెడు నీళ్ళు కొడతారు, నేలను కడుగుతున్నారో నిన్ను కడుగుతున్నారో తెలిసేటట్టు. అందుకని తాగదు. మొన్న డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి కసిరింది, ఏం పని చేస్తావమ్మా నువ్వు, ఒంట్లో నీళ్ళ చుక్క లేదు, మంట పెట్టక ఏం చేస్తుంది? సోషల్ వర్క్ అంటే అర్థం కాలేదు ఆమెకు, ఊరికి చేసే పనా, మరి నీకు చేసేదెవరు, అని అడిగింది. దానికి రాజమణి నవ్వింది. ఆ నవ్వు ముఖమే.

ఆమె గురించి ఆలోచించేవాళ్ళు లేకపోలేదు. ఈ కుట్టు సెంటరు పెట్టిన సేవా సంఘం కార్యదర్శి సుందరమ్మ గారు ఆలోచిస్తారు. ఈ పొద్దున కూడా, కర్ఫ్యూ లేని మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక ఆఫీసులో, ఫ్యాన్ కింద, ఆమె భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పారు. ముఖం ఎంత పీక్కుపోయిందో చూడు రాజమణీ, నీ మంచికే చెబుతున్నాను, ఈ ఒక్క పని చేసిపెట్టి పది రోజులు సెలవు పెట్టుకో, ఒళ్ళు చూసుకో, సేవ చేసేవాళ్ళు ముందు తమను తాము చూసుకోవాలి. మాట ఎంత మెత్తగా ఉందంటే రాజమణికి ఆ క్షణాన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎవరో ఒకరికి కనిపించానే అని. ఇప్పుడీ గదిలో, ఈ ఉడుకులో, ఆ మాట విప్పి చూస్తే లోపల ఇంకో మాట ఉంది. పది రోజులంటే మిషన్లు మాదన్నపేటలో కొత్త గదిలో చేరి, కొత్త ఆడవాళ్ళు వాటి ముందు కూర్చుని, ఈ గల్లీవాళ్ళు వచ్చి గేటు దగ్గర అరిచి అలసిపోయి వెళ్ళిపోవడానికి పట్టే రోజులు. అప్పుడు రాజమణి అక్కడ ఉండకూడదు. రాజమణి పడుకుని ఉండాలి. ఆమెకు ఇచ్చే విశ్రాంతి కూడా వాళ్ళ అవసరమే, ఆమె నడుం నొప్పి కూడా వాళ్ళకు పనికొచ్చింది.

మరి ఎవరిని పంపుదాం అని సంఘం కోశాధికారి వైకుంఠం గారు అడిగినప్పుడు ఎవరూ ఆలోచించలేదు, అందరి తలలూ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి, పొద్దుతిరుగుడు పువ్వుల్లాగా. నువ్వు క్రిస్టియన్‌వి కదమ్మా, అన్నారు సుందరమ్మ గారు, నిన్ను అటువాళ్ళూ ఏమీ అనరు, ఇటువాళ్ళూ ఏమీ అనరు. మిగతా రోజుల్లో ఆ మాట చెప్పుకోవడానికి వీలు లేని మాట. కమిటీ భోజనాల్లో ఆమె విస్తరి చివర ఎందుకు పడుతుందో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, ఆ పేరు వెనక పాత పేరు ఏమిటో, తాత ఏం కుట్టి బతికాడో అందరికీ తెలుసు, తెలుసని తెలియనివ్వరు. ఇవాళ మాత్రం ఆ పేరు కవచం అయింది. అటూ ఇటూ కానిది కాబట్టి మధ్యలోకి తోసేయొచ్చు. అమ్మ ఉంది, వరమ్మ, ఆమె చదువుకోలేదు, రాజమణి ఇంటి నుంచి బయల్దేరుతుంటే ఈ సంగతి రెండు ముక్కల్లో తేల్చింది గుమ్మంలో నిలబడి. ఊళ్ళె మనల్ని ఎనకకు నూకినోళ్ళే బిడ్డా, కొట్లాటొస్తే ముందల వెడుతరు. రాజమణి కసురుకుంది, నీకేం తెల్వదు ఊకో అమ్మా, ఇది నౌకరి. నౌకరి. తోపుడు బండి చక్రాలు రాళ్ళ మీద ఎగురుతుంటే, మూసిన దుకాణాల మధ్య, పోలీసుల లాఠీల మధ్య, నౌకరి నౌకరి అనుకుంటూనే జహనుమా దాకా వచ్చింది.

"చెప్పవేంది?" షౌకత్ బీ కత్తెర తీసి చాప మీద పెట్టింది. "కైకు ఝూట్ బోల్తే? అబద్ధమెందుకు? మాకు అకల్ లేదనుకున్నవా?"

నేను వచ్చింది మీ మంచికే, అని రాజమణి మొదలుపెట్టబోయింది, పెట్టబోయి తన నోట్లో ఎవరి గొంతు పలకబోతోందో వినిపించి ఆగిపోయింది. ఆ ఆగినప్పుడే కిటికీ దగ్గర ఎవరిదో ముసలి గొంతు, పక్కవాళ్ళతో అన్నట్టు, వినపడాలనే అన్నట్టు, అంది. "ధేడ్ ఔరత్ కో భేజే. ఇంకెవలు దొరకలేదంట వాళ్ళకు."

ఊచల అవతల ఒకరిద్దరు నవ్వారు. షౌకత్ బీ నవ్వలేదు, కానీ నోరు మూయమని కూడా అనలేదు. కులం పేరుతో తిట్టే ఆ పదం పన్నెండేళ్ళ వయసులో బడి నుంచి వస్తుంటే మొదటిసారి విన్నది, బాపు బస్ డిపోలో బస్సులు కడిగి వచ్చి స్నానం చేస్తుంటే అడిగింది, బాపూ, ధేడ్ అంటే ఏంది? బాపు చెంబు ఆపి, సబ్బు నురగ కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోకుండా, ఎవలన్నరు అన్నాడు, ఏందో మాత్రం చెప్పలేదు. చెప్పకపోతే ఏం, ఊళ్ళో మాట, ఈ నగరంలో మాట, తెలుగులో ఉన్నది ఉర్దూలోనూ ఉంది, తర్జుమా చేసుకోవాల్సిన పని లేకుండా. కోపం వచ్చింది ఆమెకు. కడుపులోంచి, మంట పెడుతున్న చోటు నుంచే వచ్చింది. వీళ్ళ కోసమా నేను! ఏనాడు గుమ్మం దాటనియ్యని సుందరమ్మ ఒకవైపు, గదిలో పెట్టి గొళ్ళెం వేసే వీళ్ళొకవైపు, మధ్యన మూత్రం బిగబట్టుకుని నేను! తీసుకుపోతా. ఆరూ తీసుకుపోతా. పోలీసును పిలిస్తే రెండు నిమిషాలు పట్టదు, గల్లీ చివరే వ్యాను ఉంది, గట్టిగా ఒక్క కేక వేస్తే చాలు, ఈ రోజుల్లో ఈ గల్లీలోంచి నాలాంటి పేరున్న ఆడదాని కేక వినపడితే తలుపులు ఏ తీరుగా పగులుతాయో నాకు తెలుసు, వీళ్ళకూ తెలుసు. తెలిసి కూడా గొళ్ళెం వేశారు. ఆ సంగతి అప్పుడు తట్టింది ఆమెకు. తన కేక ఎంత బరువైనదో. ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఎక్కడా ఎవరూ వినిపించుకోని తన గొంతు ఈ ఒక్క గల్లీలో, ఈ ఒక్క గంటలో, ఎవరినైనా చంపగలదు. వీళ్ళు కూడా భయపడుతున్నారు. కిటికీ దగ్గరి నవ్వు అందుకే అంత గట్టిగా ఉంది.

కాలేజీలో సార్ చెప్పేవాడు, ఖద్దరు జుబ్బా, నల్ల కళ్ళద్దాల ఫ్రేము, మంచివాడే. ఒకరి ఇంట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడిచినట్టు మీ కులాన్నీ మతాన్నీ కోపతాపాల్నీ బయట విడిచి లోపలికి వెళ్ళండి, అదే సామాజిక సేవకు మొదటి మెట్టు. అందరూ రాసుకున్నారు, రాజమణీ రాసుకుంది. ఎంత బాగుందో ఆ మాట, చెప్పులు ఉన్నవాళ్ళకు. ఆయన చెప్పులు ఎవరూ చూడలేదు కాబట్టి ఆయన విడిచి వెళ్ళగలడు. ఈమె విడిచినా సరే, వెనకనుంచి ఎవరో ఒకరు చేతుల్లో పట్టుకుని లోపలికి తెచ్చి ఈమె ముందు పెడతారు, ఇవి నీవే కదా అని. మాదన్నపేటలో ఇల్లు అద్దెకు అడిగితే పెట్టారు, మీరేం కులపోళ్ళమ్మా అని. ఇప్పుడు ఈ ముసలామె పెట్టింది. మరి ఎదుటివాళ్ళ కులం, మతం విడిచే సంగతి? దాని గురించి ఆ తరగతిలో ఏమీ చెప్పలేదు. తిట్టినవాళ్ళకు న్యాయం చేయాలా అక్కర్లేదా అన్నది పరీక్షలో రాలేదు. మంచివాళ్ళయితేనే మిషన్లు వాళ్ళవా? నోరు మంచిదైతేనే ఆకలా? బాపు నోరు కూడా మంచిది కాదు. తాగొచ్చి ఈ తురకోళ్ళందర్ని పాకిస్తాన్ పంపాలె అంటాడు, డిపోలో తన పక్కన బస్సు కడిగే మనిషి తురకాయనే, మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలో తింటారు. బాపు నోటిని చూసి బాపుకు జీతం ఇవ్వొద్దంటే ఊరుకుంటుందా తను?

కోపం పోలేదు. కానీ అది తిరిగి కూర్చుంది, ఎవరి వైపు కూర్చోవాలో వెతుక్కుంటున్నట్టు. మూలన సుగ్రా జుబ్బా గుడ్డ మీద దారం తెంపుతోంది, పళ్ళతో. సుగ్రా పెనిమిటి గులాం రసూల్ బేగంబజార్‌లో గిన్నెలకు కళాయి పూస్తాడు, కర్ఫ్యూ పడ్డ మొదటి సాయంత్రం ఇంటికొస్తుంటే దారిలో పోలీసులు ఎత్తుకుపోయారు, ఇంకా వదల్లేదు. సుగ్రా కబురు పంపింది, బాయి వచ్చి స్టేషన్లో ఒక్క మాట చెప్పాలని. రాజమణి సుందరమ్మ గారిని అడిగింది, ఆవిడ మనకు రాజకీయాలొద్దమ్మా అన్నారు, రాజమణి తలాడించింది, ఆ తలాడించడం ఇప్పుడు మెడ నరంలో పట్టేసినట్టు ఉంది. సుగ్రా అది మరచిపోలేదు. మరచిపోవాల్సిన అవసరం ఆమెకు లేదు. క్షమించమని అడగాలా? అడిగితే తనకు తేలికవుతుంది, సుగ్రాకు ఏమవుతుంది? గులాం రసూల్ వస్తాడా? తన తేలిక కోసం ఈ పిల్ల దగ్గర ఇంకొకటి గుంజుకోవడం తప్ప అదేమిటి?

"రిపేరు కాదు," అంది రాజమణి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎండిపోయి, నవ్వు లేకుండా.

"మిషన్లు మాదన్నపేటకు పోతున్నయ్. మళ్ళ రావు. ఆడ వేరేటోళ్ళకు ఇస్తరట. కమిటీల అనుకున్నరు. ఈడ ఉంటే కొట్లాటల తగలవెడుతరని పైకి చెప్తున్నరు. లోపల ఏమన్నరంటే, వీళ్ళు అమ్ముకొని తింటరు అన్నరు. వైకుంఠం సార్ అన్నడు. ఎవ్వలు కాదనలే."

కిటికీ దగ్గర గాలి మారింది. ఎవరో ఊచల మీద చేత్తో కొట్టారు, ఎవరో తిట్టారు, ఒక తిట్టు మీద ఒకటి పడి ఏదీ అర్థం కాకుండా పోయింది. షౌకత్ బీ మాత్రం కదల్లేదు. ఆమె ముఖంలో ఆశ్చర్యం కూడా లేదు, వంటలో ఉప్పు తక్కువైందని ముందే తెలిసినవాళ్ళ ముఖంలాగా ఉంది.

"అప్పుడు నువ్వేం జేసినవ్? ఆడనే ఉన్నవ్ కదా."

"కూసున్న."

"ఆఁ," అంది షౌకత్ బీ. "కూసున్నవ్." ఆ ఒక్క మాట కత్తెర కంటే తిన్నగా కోసింది, అయినా కోసిన చోట నొప్పి లేకుండా గాలి తగిలింది రాజమణికి. ఇంక కప్పిపుచ్చాల్సింది ఏమీ మిగల్లేదు. మిగలకపోయేసరికి ఒళ్ళు తన సంగతి తాను చెప్పడం మొదలుపెట్టింది, ఇంకో నిమిషం ఆగితే ఇక్కడే, ఈ చాప మీదే, పరువు పోతుంది. పరువు! ఏ పరువు మిగిలింది కనుక? "నాకు ఒంటికి పోవాలె," అంది. "శాన సేపట్నించి ఆపుకుంటున్న. పానం బాగ లేదు."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పారిపోతుంది, అంది కిటికీ. పోనియ్యకు, అంది ఇంకో గొంతు. షౌకత్ బీ ఆమె ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది, బట్ట కొనేవాళ్ళు పోగు లాగి చూసినట్టు. ఆడదానికి ఆడదాని ముఖంలో ఆ బాధ తెలియకుండా పోదు. "ఖోలో," అంది తలుపు వైపు. "సుగ్రా, మా ఇంట్లకు తీస్కపో. ఎంబడి ఉండు."

పక్కిల్లే. పరదా ఎత్తి లోపలికి, వంటింటి వెనక్కి, గోనెపట్టా వేలాడే సండాస్. మంటకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, పళ్ళ మధ్య చీర కొంగు కరిచి కూర్చుంది, గోడకు చెయ్యి ఆనించి, ఏసయ్యా ఏసయ్యా అనుకుంటూ, ఆ పేరు ఇక్కడ ఎవరైనా వింటారేమో అని కూడా అనుకోకుండా. లేచి బయటకొచ్చింది. సుగ్రా కుండలోంచి నీళ్ళు ముంచి ముంత ముందుకు పెట్టింది, ఇచ్చినట్టు కాదు, అక్కడ పెట్టినట్టు. రాజమణి తాగింది. గుటక గుటకకూ గొంతు తెరుచుకుంటోంది, మట్టి వాసన, చల్లదనం రొమ్ముల మధ్యగా దిగిపోవడం తెలుస్తోంది. ఇంకో ముంత తానే ముంచుకుంది, అడగకుండా. మూడోది కూడా. బస్తీలో నీళ్ళు తాగొద్దన్న పదేళ్ళ పాఠం పక్కన పెట్టి, అలా నిలబడే కడుపు నిండా తాగేసింది. ఎవరు ఏమనుకున్నా సరే. ఈ ఒళ్ళు సంఘానిది కాదు, నాది, దీనికి దాహమేస్తోంది.

అప్పుడు చూసింది, వెనక తలుపు తెరిచే ఉంది. దాని అవతల సందు, సందు చివర, గల్లీ మొదట్లోనే, మల్లన్న, బండి మీద కూర్చుని బీడీ కాలుస్తూ. ఇరవై అంగలు వేస్తే బండి దగ్గర, బండి వెంట నడిస్తే ఇంట్లో. సుగ్రా అటు తిరిగి కుండ మీద మూత సర్దుతోంది, సర్దాల్సినదానికంటే ఎక్కువ సేపు సర్దుతోంది. పొమ్మంటోందా, పోతావో లేదో చూస్తోందా? పోవచ్చు. నిజం చెప్పేసింది, చేతులు కడుక్కోవచ్చు. మిషన్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఉద్యోగం సంగతి రేపు చూసుకోవచ్చు, ఇవాళ చాప వేసుకుని అమ్మ పక్కన పడుకోవచ్చు, ఎంత నిద్ర ఉందో కళ్ళల్లో. ఒళ్ళు చూసుకో అంటే అదే కదా. కాళ్ళు తలుపు వైపు తిరిగాయి కూడా. కానీ పడుకుంటే ఏం కనిపిస్తుందో ఆమెకు అప్పుడే కనిపించింది, రేపు ఆఫీసు జీపు, దాని వెనక పోలీసు వ్యాను, ఈ గది, ఆరు పీటలు. తను చెప్పిన నిజం వీళ్ళకు ఒక్క రాత్రి ముందుగా తెలియడం తప్ప ఏం చేసినట్టు? అలాంటి నిద్ర ఎన్నేళ్ళు పడుకున్నా తీరదు. సుగ్రా వైపు చూడకుండా, పరదా తానే ఎత్తుకుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చింది.

ఆమె తిరిగి గదిలో అడుగుపెట్టినప్పుడు షౌకత్ బీ కనుబొమ్మలు కొద్దిగా లేచాయి. అంతే.

"ఈ మిషన్లు ఈడ ఉంచకుండ్రి," అంది రాజమణి నిలబడే. "రేపు జీపేసుకొని వస్తరు. ఆరిండ్లల్ల ఆరు వెట్టుకోండ్రి. ఒక్క జాగల దొరకొద్దు. ఇండ్లల్లకొచ్చి ఒక్కొక్కటి గుంజుకపోనీకె వాళ్ళకు ధైర్నం చాలదు. ఇవి ఈ గల్లీ పేరు మీద వచ్చినయ్, దానమిచ్చినోళ్ళు జహనుమా ఆడోళ్ళకని ఇచ్చిండ్రు, నా చెవులతోని విన్న. ఎవలడిగినా చెప్త."

మెచ్చుకుంటారని ఎక్కడో అనుకున్నట్టుంది ఆమె, లేకపోతే తర్వాత వచ్చిన మాట అంత గుచ్చుకునేది కాదు. ఇందాకటి ముసలామె ఇప్పుడు గుమ్మంలోకే వచ్చి నిలబడి, రాజమణి ముఖం ముందు వేలు ఆడించింది. ఇండ్లల్ల వెట్టుకున్నంక దొంగతనం కేసు వెడుతరు. సోదా జేస్తరు. ఒక్కొక్క ఇంట్ల ఒక్కొక్క మొగోన్ని తీస్కపోతరు, గులాం రసూల్ లెక్క. ఈమె రేపు ఆడ కూసోని తల ఊపుతది. అందరూ అవునన్నారు. సుగ్రా కూడా మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది, ఆ చూపులో అదే ప్రశ్న ఉంది. వాళ్ళు అన్నదాంట్లో తప్పేముంది? నీ మాట ఎందుకు నమ్మాలి? ఇందాక రిపేరన్న నోరే కదా ఇది. నమ్మించే మాట ఆమె దగ్గర ఇంకేదీ లేదు, మాటలన్నీ అయిపోయాయి, పదేళ్ళు మాటలతోనే బతికింది, అర్థం చేసుకోండి, సహకరించండి, ఓపిక పట్టండి, అన్నీ ఖర్చయిపోయాయి. ఒళ్ళొక్కటే మిగిలింది, నొప్పి పెట్టే ఒళ్ళు.

వంగి మొదటి మిషన్ మీద చెక్క మూత బిగించింది. "దొంగతనమైతే ముందుగల్ల నేనే ఎత్తుత," అంది. "అందరు చూడుండ్రి. పోలీసోళ్ళు గూడ చూడని. ఇది ఏ ఇంటికో చెప్పు షౌకత్ బీ."

మూత పిడి పట్టుకుని లేపింది. ఇనుము బరువు భుజం లోంచి నడుంలోకి సూదిలా దిగింది, ఒక క్షణం కళ్ళు బైర్లు కమ్మాయి, గోడకు తగిలి ఆగింది. ఎవరూ ముందుకు రాలేదు. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు దారి ఇచ్చారు, పక్కకు తప్పుకున్నారంతే, ముట్టుకోకూడనిదానికి తప్పుకున్నట్టో, బరువు మోసేవాళ్ళకు తప్పుకున్నట్టో, ఈసారి ఆమె ఆలోచించలేదు. గల్లీలో ఎండ తెల్లగా కొట్టింది. మిషన్ ఇనుప అంచు పిక్కకు కొట్టుకుంటోంది అడుగడుక్కూ. కిటికీల్లోంచి, పరదాల సందుల్లోంచి చూపులు. వెనకాల సుగ్రా వస్తోంది, సాయానికి కాదు, కాపలాకి. ఆమె అడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో రాజమణికి వినిపిస్తోంది, దగ్గరికి రావు, వెనకబడవు. మొదటి ఇంట్లో పెట్టింది. తిరిగొచ్చి రెండోది ఎత్తింది. రెండో ఇంట్లో. మూడోసారికి చెయ్యి మార్చుకోవాల్సి వచ్చింది. చీర చెమటకు వీపుకు అంటుకుపోయింది, ఊపిరి గొంతులో కట్టెలా అడ్డం పడుతోంది. తను తాగిన నీళ్ళు చెమటై బయటికి వస్తున్నాయి, ఎంత కాలమైందో ఇంత చెమట పట్టి. రేపటి నుంచి నౌకరి ఉండదు. అమ్మ ఏమీ అనదు, బాపు తిడతాడు. ఆ తర్వాత ఏమవుతుందో, ఆ ఆలోచన వచ్చి పక్కన నడిచింది కానీ చెయ్యి పట్టుకోలేదు. నాలుగోది సుగ్రా ఇంటికి. సుగ్రా ఎప్పుడూ కూర్చుని కుట్టే మిషన్ అదే.

సగం దారిలో సైరన్ కూసింది. సడలింపు అయిపోయింది. గల్లీ మొదట్లో మల్లన్న కేకేశాడు, అమ్మా నేను వోతున్న, ఆగితే గుద్దుతరు, బండి చక్రాల చప్పుడు దూరమైపోయింది. వెంటనే బూట్ల చప్పుడు. వ్యాను దిగిన జవాను లాఠీ చంకలో పెట్టుకుని గల్లీలోకి వచ్చాడు, తలుపులు టపటప మూసుకున్నాయి, గుమ్మాల్లో ఉన్న ఆడవాళ్ళు మాయమయ్యారు. సుగ్రా మాత్రం అక్కడే ఆగిపోయింది. జవాను రాజమణి నుదుటిని చూశాడు, మెడలో సిలువను చూశాడు, చేతిలో మిషన్‌ను చూశాడు.

"పేరేంది?"

"రాజమణి."

"నీకేం పనమ్మా ఈ తురకోళ్ళ గల్లీల? ఎవలిదీ మిషన్? ఈమెదా?" లాఠీ సుగ్రా వైపు తిరిగింది. "ఏడ కొట్టుకొచ్చింది?"

పక్కన సగం మూసిన తలుపు వెనక షౌకత్ బీ నిలబడి ఉందని రాజమణికి తెలుసు. ఊపిరి బిగబట్టి ఉందని తెలుసు. ఇప్పుడు రావాల్సిన మాట కోసమే ఈ గల్లీ అంతా తలుపుల వెనక చెవులు పెట్టి ఉందని, ఆ మాట ఎటు పడుతుందని వాళ్ళు అనుకుంటున్నారో కూడా తెలుసు. తలాడించడం ఎంత సులువు. నోరు విప్పకుండా ఊరుకోవడం ఇంకా సులువు, ఊరుకుంటే చాలు, మిగతాది లాఠీ చూసుకుంటుంది. మిషన్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఈమెదే," అంది. "సంఘం ఇచ్చింది. కొట్టుకొచ్చింది కాదు, కొన్నేండ్లసంది కుడుతున్నది దీని మీద. నేనే ఇప్పుడు ఇంటికి చేరుస్తున్న. రాసుకోవాల్నంటే నా పేరు రాసుకో."

జవాను కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. విసుగ్గా లాఠీతో గోడను కొట్టాడు. "లోపలికి నడువుండ్రి. కర్ఫ్యూ కనవడ్తలేదా? ఇంకోసారి బయట కనవడితే వ్యానెక్కిస్త." బూట్ల చప్పుడు తిరిగి గల్లీ చివరికి పోయింది.

సుగ్రా ఆమె చేతిలోంచి మిషన్ అందుకోలేదు. ముందు నడిచి, తన ఇంటి పరదా ఎత్తి పట్టుకుని నిలబడింది. రాజమణి లోపలికి పోయి మిషన్ గోడ వారగా దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక్క నిమిషం అక్కడే వంగి ఉండిపోయింది. ఇక ఇవాళ ఇంటికి పోవడం కుదరదు. రాత్రి ఈ గల్లీలోనే, ఈ మనుషుల మధ్యనే ఎక్కడో ఒకచోట పడుకోవాలి.

పరదా అవతల షౌకత్ బీ గొంతు వినిపించింది, అదే గొంతు, ఏ మార్పూ లేకుండా.

"ఇంక రెండున్నయ్. ఎనక గోడల మీదికెల్లి అందియ్యాలె. నిలవడ్డవేంది?"

రాజమణి నడుం మీది నుంచి చెయ్యి తీసింది. "ముందు ఇంకిన్ని నీళ్ళు తాగుత," అంది, "తర్వాత వస్త." అని, సుగ్రా ఇంటి కుండ ఎక్కడుందో వెతుక్కుంటూ లోపలికి నడిచింది.